తలకోనలో కప్పల లెక్క, బల్లుల లెక్క

బుధవారం

తిరుపతి నుంచి తలకోనకు 60 కిలోమీటర్ల లోపే. భాకరాపేట మీదుగా వచ్చి నేరబైలు దాటితే ఇక అంతా అడవే. మామూలుగా జనం ఇక్కడికి జలపాతం కోసం వస్తారు. సిద్ధేశ్వరస్వామి దర్శనం చేసుకుని పొద్దుగూకేలోపు తిరిగిపోతారు. మేం వచ్చిన పని వేరు. పాములు, బల్లులు, తొండలు, కప్పలను అడవిలో ఎలా వెతకాలి, ఎలా గుర్తుపట్టాలి, కనిపించినా కనిపించకపోయినా ఎలా రాసిపెట్టాలి అన్నది నేర్చుకోవడానికి వచ్చాం. అటవీశాఖ అనుమతితో జరిగిన శిక్షణ ఇది. పరిశోధక విద్యార్థులు, బీట్ ఆఫీసర్లు, నాలాగా కాలేజీల్లో జంతుశాస్త్రం చెప్పేవాళ్లు కలిసి ఒక చిన్న జట్టు.

నేను చాలా ఆశ పెట్టుకుని వచ్చాను. మా తరం ఇంటర్‌లో కప్పను కోసి, గుండె ఎక్కడుందో కాలేయం ఎక్కడుందో బొమ్మ వేసి మార్కులు తెచ్చుకుంది. ఆ కప్ప ఏ జాతిదో, ఏ వానకు బయటికొస్తుందో, గుడ్లు ఎక్కడ పెడుతుందో మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఇప్పుడు ఆ కోతలు లేవు, మంచిదే. కానీ వాటి బదులు పిల్లల్ని ఒక వాన రాత్రి చెరువుగట్టుకు తీసుకుపోయి కప్పల అరుపు వినిపించే పని కూడా మనం మొదలుపెట్టలేదు. అది నన్ను చాలా రోజులుగా బాధపెడుతున్న విషయం.

సాయంత్రం మొదటి క్లాసు. శిక్షణ ఇచ్చే మేడమ్ ముందుగా ఒక బక్కెట్ తెప్పించి నీళ్లలో బ్లీచింగ్ కలిపారు. ఒక వంకలో తిరిగిన బూట్లతో ఇంకో వంకలోకి దిగే ముందు ఈ నీళ్లలో ముంచాలి, మంచినీళ్లతో కడగాలి, ఆరబెట్టాలి. కప్పల చర్మానికి పట్టే కైట్రిడ్ అనే బూజు మన బూట్లకు అంటుకుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోకుండా ఈ జాగ్రత్త. ఈ బూజు దెబ్బకు ప్రపంచంలో 500కు పైగా ఉభయచర జాతులు తగ్గిపోయాయని, వాటిలో 90 దాకా పూర్తిగా అంతరించి ఉంటాయని 2019లో శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. కప్ప నీళ్లు తీసుకునేది చర్మంతోనే, ఊపిరిలో కొంత భాగమూ చర్మంతోనే. దోమల క్రీము రాసుకున్న చేత్తో దాన్ని పట్టుకుంటే ఆ మందంతా దాని ఒంట్లోకి పోతుంది. అందుకని చేతులకు క్రీములు వద్దు, ముట్టుకోవాల్సి వస్తే తడి గ్లోవ్స్, అదీ శిక్షకులే.

ఇక పాముల సంగతి. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు ఎవరూ పామును ముట్టుకోకూడదు, కర్రతో కూడా. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకు సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. ఏడాదికి 58 వేల మంది. ఆ భారం ఎక్కువగా మోస్తున్న రాష్ట్రాల్లో మనదీ ఒకటి. జీపును ఎప్పుడూ రోడ్డు వైపు తిప్పి నిలపాలి, తాళం ఎవరి దగ్గరుందో అందరికీ తెలియాలి, కాటు పడితే కోయడం, పీల్చడం, తాడుతో బిగించడం లాంటివి చేయకుండా మనిషిని కదలనివ్వకుండా తిరుపతి ఆసుపత్రికి చేర్చాలి. ఇదంతా బోర్డు మీద రాయించి, మా ఫోన్లలో ఫొటో తీయించారు. కొత్తగా వచ్చిన ఒక విద్యార్థిని ముఖంలో టెన్షన్ చూసి మేడమ్ అన్నారు, "భయం ఉండటం మంచిదేనమ్మా. అడుగు చూసి వేస్తావు."

గురువారం

పొద్దున్నే చదరాల పని. అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పుతో నేల మీద తాడు కట్టి, నాలుగు వైపుల నుంచి నలుగురం మోకాళ్ల మీద కూర్చుని లోపలికి జరుగుతూ వెతకాలి. ఆకులు ఒక్కొక్కటే తీయాలి. రాయి ఎత్తడానికి ఒక పద్ధతుంది: మనకు దూరంగా ఉన్న అంచును పట్టి మన వైపు లేపాలి. అప్పుడు రాయి మనకు అడ్డుగా ఉంటుంది, కింద ఏదున్నా అవతలి వైపు పోతుంది. చూశాక రాయిని మళ్లీ అదే గుంటలో, అదే తీరుగా కూర్చోబెట్టాలి. ఆ రాయి కింది తేమ ఒకసారి ఆరిపోతే అక్కడుండే ప్రాణికి ఇల్లు పోయినట్టే.

మొదటి చదరంలో ఏమీ దొరకలేదు. చీమలు, ఒక జెర్రి, ఎర్రచందనం కాయలు. పక్కకు పోదాం అన్నట్టు అందరం లేచాం. మేడమ్ షీటు చేతికిచ్చి సున్నా రాయమన్నారు. ఎన్నింటికి మొదలుపెట్టాం, ఎన్నింటికి ముగించాం, ఎంతమంది వెతికాం, నేల తడా పొడా, గాలిలో తేమ ఎంత, అన్నీ నింపాక ఆ సున్నా. "కప్ప లేదు అనడానికీ, కప్ప కోసం ఇంతమంది ఇంతసేపు వెతికితే దొరకలేదు అనడానికీ తేడా ఉంది. రెండోదాన్ని పదేళ్ల తర్వాత ఇంకొకరు వచ్చి పోల్చి చూడగలరు," అన్నారు. నాకు ఈ శిక్షణలో అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్న మాట ఇదే. మన ఊళ్లలో "మా చిన్నప్పుడు ఈ కుంటలో ఎన్ని కప్పలో" అని అందరూ అంటారు. అప్పుడు ఎన్ని ఉండేవో ఎవరూ రాసిపెట్టలేదు కాబట్టి ఇప్పుడు ఎన్ని పోయాయో చెప్పలేకపోతున్నాం.

రెండో చదరంలో ఒక నలికండ్ల పాము దొరికింది. పేరులో పాము ఉన్నా అది కాళ్లున్న బల్లి జాతిదే, విషం లేదు. రాగి రంగు ఒళ్లు ఒక్క క్షణం మెరిసి ఆకుల కిందికి దూరింది. మూడో చదరంలో బొటనవేలి గోరంత కప్ప, వీపు మీద ముదురు గోధుమరంగు మచ్చతో. ఇవే ఆ పూటకు మా సంపాదన.

మధ్యాహ్నం రాగి సంగటి, ఊరిబిండి తిని, బంగారు బల్లి కోసం వంక పట్టుకుని పైకి నడిచాం. మా ముందు నడిచినాయన యానాది పెద్దాయన. అందరం తాతా అని పిలిచాం. ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని బండల మీద నడిచాడు. ఒక పెద్ద బండ చూరులా ముందుకొచ్చిన చోట ఆగి చెయ్యెత్తాడు. "ఈడ్నే ఉండాది సామీ. అలికిడి చేయొద్దు, లైటు కిందికి పట్టుకోండి."

బండ కింద పట్టపగలే మసక. నీళ్లు చుక్కచుక్కగా జారుతున్నాయి. ముందుగా కళ్లకు కనిపించింది బల్లి కాదు, రాతి పైకప్పు మీద తెల్లటి గుండ్రటి ముద్రలు. పాత గుడ్ల పెంకులవి. ఈ బల్లులు గుడ్లను రాతికి అంటిస్తాయి, పలు ఆడ బల్లులు ఒకే చోటును ఎంచుకుంటాయి. పిల్లలు పోయాక కూడా పెంకు అంచు రాతికి అతుక్కునే ఉంటుంది. కొన్ని ముద్రలు కొత్తవి, కాగితంలా తెల్లగా. కొన్ని పాతబడి రాతిలో కలిసిపోయాయి. ఎన్ని తరాల బల్లులు ఇదే చూరును వెతుక్కుంటూ వచ్చాయో ఆ గోడే చెబుతోంది.

తర్వాత బల్లి కనిపించింది. మగది. పసుపు ముద్ద రాసినట్టున్న గొంతు, అదే రంగు ఒంటి మీదికి పాకి వీపు దగ్గర గోధుమరంగులో కలిసింది. తల నేల వైపు పెట్టి అతుక్కుని ఉంది. వేళ్ల చివర్లు సన్నగా మొదలై ఒక్కసారి వెడల్పై, రెండు చిన్న పలకలుగా చీలి ఉన్నాయి. నున్నటి తడి రాతి మీద అది పట్టు తప్పకుండా నిలిచేది ఆ పలకల బలంతోనే. మేడమ్ దాన్ని ముట్టుకోకుండానే దాని పక్కన స్కేలు పెట్టి ఫొటో తీశారు. మేం నేల నుంచి ఎత్తు, నీటికి దూరం, రాతి ఉష్ణోగ్రత రాసుకున్నాం. ఆడ బల్లులకు ఈ పసుపు ఉండదు, రాతి రంగులోనే ఉంటాయి. రెండడుగుల దూరంలో ఉన్నదాన్ని తాత వేలు పెట్టి చూపిస్తే గానీ మాకు తెలియలేదు.

1870లో దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు బెడ్డోమ్ అనే మద్రాసు అటవీ అధికారి. తిరుపతి కొండల్లో దొరికినదాన్నే ఆయన వర్ణించాడు. ఈ కొండల్లో పెరిగే అరుదైన సైకస్ చెట్టుకు పెట్టింది కూడా ఆయన పేరే. ఈ బల్లి ప్రజాతిలో, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపులో, ప్రపంచం మొత్తం మీద ఉన్నవి రెండే జాతులు. ఒకటి మన తూర్పు కనుమలది, రెండోది శ్రీలంకది. పడమటి కనుమల గురించి ఎన్ని పుస్తకాలు, ఎన్ని కెమెరాలు! మన కొండలకు ఆ శ్రద్ధలో పదోవంతు దక్కినా చాలు అనిపించింది ఆ చూరు కింద నిలబడి.

శుక్రవారం

పగలంతా గుర్తింపు క్లాసులు. కంటి వెనక గ్రంథి, వేళ్ల మధ్య పొర, వేలి చివర గుండ్రటి పలక, చెవి పొర కనిపిస్తుందా లేదా, ఇవి చూస్తే సగం కప్పలను విడదీయవచ్చు. సాయంత్రం చిన్న వాన పడింది. భోజనాలు తొందరగా ముగించి హెడ్‌లైట్లతో బయల్దేరాం.

రాత్రి సర్వేలో సగం పని చెవులదే. వంక వెంబడి ముందుగానే గుర్తుపెట్టిన చోట్లలో ఆగాలి. ఆగగానే లైట్లన్నీ ఆర్పాలి. మన అడుగుల చప్పుడుకు కప్పలు నోరు మూస్తాయి కాబట్టి అవి మళ్లీ మొదలుపెట్టేదాకా ఊరికే నిలబడాలి. అప్పటి నుంచి మూడు నిమిషాలు విని, ఒక్కో జాతికి 0 నుంచి 3 దాకా అంకె వేయాలి. ఏదీ అరవకపోతే 0. ఒక్కొక్కటిగా లెక్కపెట్టగలిగితే 1. ఒకదాని మీద ఒకటి పడుతున్నా లెక్క అందితే 2. లెక్కకు అందనంత గోల అయితే 3.

మొదటి గుండం దగ్గర నాకు వినిపించింది గోల ఒక్కటే. తాతకు మాత్రం నాలుగు రకాలు వినిపించాయి. ఒక్కోదాన్నీ వేలితో దిక్కు చూపిస్తూ విడదీసి చెప్పాడు. "టక్ టక్ మనేది కొమ్మ మింద ఉండేది. గరగర అనేది గడ్డిలోది, సన్నది. ఆ పెద్ద కూతుందే, అది దూరంగా మడికాడిది, గోదురుకప్ప." మేడమ్ దగ్గరున్న రికార్డింగులతో సరిపోల్చి చూస్తే ఒక్కటీ తప్పు పోలేదు. మా షీట్లో స్థానిక పేరుకు ఒక గడి ఉంది. ఆ రాత్రి దాన్ని నింపింది తాతే.

గడ్డిలో గరగరమనేది ఎవరో చూడాలని వంగి వెతికాం. నిన్న చదరంలో దొరికిన గోరంత కప్పే. గొంతు కింద సంచి దాని తలకన్నా పెద్దగా ఉబ్బుతోంది. అరిచినప్పుడల్లా ఒళ్లంతా వెనక్కి తోసుకుపోతోంది. అంత చిన్న ప్రాణి తన బలమంతా ఆ ఒక్క అరుపులో పెడుతోంది. మగవే అరుస్తాయి, ఆడవి విని ఎంచుకుంటాయి. ఆ గుండం చుట్టూ ఎన్ని ఎంపికలు జరుగుతున్నాయో అనుకుంటూ చాలాసేపు అక్కడే కూర్చున్నాను.

గుండం మీదికి వంగిన కొమ్మకు ఒక నురగ ముద్ద వేలాడుతోంది. చెట్టుకప్ప గూడు అది. ఆడ కప్ప వదిలిన జిగురును కాళ్లతో చిలికి నురగ చేసి, అందులో గుడ్లు పెడుతుంది. పైపొర ఆరి అట్టలాగా గట్టిపడింది, లోపల తడి నిలిచి ఉంది. కొన్ని రోజులకు నురగ మెత్తబడి చిరుకప్పలు ఒక్కొక్కటే కింది నీళ్లలోకి జారతాయి. కింద నీళ్లు లేకపోతే నేల మీద పడి చచ్చిపోతాయి. వాన ఒక వారం ముఖం చాటేస్తే ఏమవుతుందో ఆ కొమ్మ కింద నిలబడినవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

చీకట్లో లైటు వేస్తే గడ్డినిండా మెరుపులే. చిన్నగా పచ్చగా మెరిసేవి సాలీళ్ల కళ్లు. కొంచెం పెద్దగా, జంటగా, నిలకడగా మెరిసేవి కప్పలవి. ఈ తేడా పట్టుబడ్డాక నడక వేగం పెరిగింది.

ఆఖరి చోటుకు పోకముందే తాత ఆగిపోయాడు. వెదురు విరుగుతున్న చప్పుడు. ఏనుగులు. మాట్లాడకుండా వచ్చిన దారిలోనే వెనక్కి తిరిగాం. గదికి వచ్చాక మేడమ్ షీట్లో ఆఖరి చోటు ఎదురుగా "చూడలేదు, ఏనుగులు" అని రాయించారు. అక్కడ సున్నా వేస్తే అది అబద్ధమవుతుంది.

శనివారం

పొద్దున కొండ కింద ముళ్లపొదల మేరలో నడక. ఎండెక్కిన బండ మీద రాతి తొండ మగది, ఎర్ర వీపు, నల్ల పక్కలతో తల పైకీ కిందికీ ఊపుతోంది. ఒక పొద కింద నక్షత్ర తాబేలు, వాన తిన్న గడ్డి కొరుకుతూ. దాన్ని చూసినప్పుడు అందరం ఫోన్లు తీశాం, మేడమ్ మాత్రం ముందు లొకేషన్ ఆపేయమన్నారు. ఈ తాబేళ్లను పెంపుడు జంతువులుగా దొంగచాటుగా ఎగుమతి చేసే ముఠాలు ఉన్నాయి. 2019లో దీన్ని అంతర్జాతీయ వ్యాపారం పూర్తిగా నిషేధించిన జాబితాలో చేర్చారు. ఫొటోతో పాటు చోటు పేరు కూడా నెట్‌లో పెడితే దొంగకు దారి చూపించినట్టే. ఆ ఫొటోల నుంచి చోటు తుడిచేశాం, షీట్లో మాత్రం రాశాం. ఆ షీటు అటవీశాఖకే పోతుంది.

బతికున్న పాము ఇంతవరకూ కనిపించలేదు. కానీ పుట్ట పక్కన తాతకు ఒక కుబుసం దొరికింది, దాదాపు మనిషంత పొడవు. అందరూ నాగుపాముదే అన్నారు. దాన్ని నీళ్లతో తడిపి, తెల్లగుడ్డ మీద పరిచి, నడుము దగ్గర పొలుసుల వరుసలు ఏటవాలుగా లెక్కపెట్టించారు. గుండుసూదితో ఒక్కో పొలుసు తాకుతూ లెక్కపెడితే 17 వచ్చింది. నాగుపాముకు అక్కడ 20కి పైనే ఉంటాయి. కట్లపాముకైతే వీపు నడిమి వరుస పొలుసులు పెద్దవిగా, ఆరు మూలలతో ఉంటాయి. తల దగ్గర కంటికీ ముక్కుకూ మధ్య చిన్న పొలుసులు కూడా ఉన్నాయి, నాగుపాముకు అవి ఉండవు. జెర్రిపోతు. ఎలుకలను తినే, రైతుకు మేలు చేసే, నాగుపామనుకుని మన పొలాల్లో కొట్టి చంపేసే జెర్రిపోతు. ఈ లెక్క నేను మా పిల్లలకు నేర్పి తీరాలి. కుబుసానికి అనుమతి గొడవ పెద్దగా ఉండదు, ప్రమాదమూ లేదు, పట్టుకుని చూస్తే భయమూ కొంత తగ్గుతుంది.

సాయంత్రం నడకలో వెదురు పొద దగ్గర ముందున్న బీట్ ఆఫీసరు చెయ్యి అడ్డుపెట్టాడు. మోకాలి ఎత్తులో, ఆకుల మధ్య, ఆకు రంగులోనే వెదురు పొదల రక్తపింజరి. త్రికోణం తల, కంటికీ ముక్కుకూ మధ్య గుంట. ఆ గుంటతో అది ఒంటి వేడిని పసిగడుతుంది. మేం రెండు మీటర్ల దూరంలో నిలబడి చూసినంతసేపూ అది కదలలేదు. మేడమ్ లేజర్ థర్మామీటరుతో కొమ్మ ఉష్ణోగ్రత చదివారు. ఎత్తు, సమయం, చుట్టూ ఉన్న చెట్లు రాసుకుని వెనక్కి అడుగులు వేశాం.

రాత్రి క్లాసులో రెండు కథలు చెప్పారు. ఒకటి ప్యాట్రిక్ రసెల్‌ది. విశాఖపట్నంలో ఉంటూ ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రవేత్తగా పనిచేసి, 1796లో కోరమండల్ తీరపు పాముల మీద పుస్తకం వేశాడు. అందులో పాముల బొమ్మల పక్కన స్థానికులు చెప్పిన తెలుగు పేర్లు రాశాడు. రక్తపింజరికి ఇంగ్లీషులో ఇప్పటికీ ఆయన పేరే. రెండోది ఇదే శేషాచలం కథ. చామల దగ్గర 2013లో ఒక ఎగిరే పాము దొరికింది. శ్రీలంకలో మాత్రమే ఉందనుకున్న జాతి అది. 2015లో ఆ వివరాలు అచ్చయ్యాయి. బంగారు బల్లికి తోబుట్టువూ అక్కడే ఉందని గురువారమే విన్నాం కదా. ఈ రెండు నేలలు ఒకప్పుడు కలిసి ఉన్నాయనడానికి సాక్ష్యం మన కాళ్ల ముందే పాకుతోంది.

ఆదివారం

ఉదయమంతా లెక్కలు. ఆరుగురు గంటసేపు వెతికితే ఆరు మనిషి-గంటలు. ఒక్కో జాతి ఎన్ని కనిపించిందో దాన్ని మనిషి-గంటలతో భాగించాలి. అప్పుడే వంక పక్కన చేసిన రాత్రినీ ముళ్లపొదల్లో నడిచిన పొద్దుటినీ ఒకదానితో ఒకటి పోల్చగలం. ఫొటోలకు నంబర్లు వేశాం. గుర్తింపు కచ్చితంగా తేలని కప్పలను ప్రజాతి దాకా రాసి ఆపేశాం, ఊహించి జాతి పేరు పెట్టలేదు. షీట్ల నకళ్లు రేంజ్ ఆఫీసుకు ఇచ్చాం. అవే చదరాలు, అవే ఆగే చోట్లు, అవే గంటలు. వచ్చే జూన్ వానలకు ఇంకో జట్టు వచ్చి ఇదే పని చేస్తుంది.

తాతకు అందరం చేతులు జోడించాం. ఆయన పేరు నివేదికలో సర్వే చేసినవాళ్ల వరుసలోనే వేయాలని మేమంతా అడిగాం, మేడమ్ అప్పటికే వేసి ఉంచారు.

ఉభయచరాల్లో 41 శాతం జాతులు ముప్పులో ఉన్నాయని 2023 నాటి ప్రపంచ అంచనా. ఆ అంకెలో మా కడప కప్పల వాటా ఎంతో తేలాలంటే ఎవరో ఒకరు కూర్చుని వినాలి. మా కాలేజీ వెనక పాలకొండలు ఉన్నాయి, ఊరి చివర కుంటలు ఉన్నాయి. అడవి లోపలికి పోవాలన్నా, ప్రాణిని పట్టుకోవాలన్నా అనుమతి కావాలి, దరఖాస్తు డీఎఫ్ఓ ఆఫీసుకు ఈ వారమే పెడుతున్నాను. అది వచ్చేదాకా అనుమతి అక్కర్లేని పని ఉంది: కుంటగట్టు మీద రాత్రి మూడు నిమిషాలు నిలబడి 0 నుంచి 3 దాకా అంకె వేయడం. పిల్లలకు షీట్లు జిరాక్స్ తీయించాను. మొదటి కుంట, ఆర్టీసీ కాలనీ వెనకది, వాన పడిన రాత్రి ఎనిమిది గంటలకు.